చిన్న తెర మీద మన అంగడి



నేను బడిపంతులును. వ్యాపారం గురించి చెప్పడానికి ఈయనెవరు అని మీలో కొందరు అనుకోవచ్చు. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో చాలామంది చిన్న వ్యాపారుల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళే. ఒక ఇంట్లో పట్టు మగ్గం, ఒక ఇంట్లో అప్పడాల పని, ఇంకొకరికి పచ్చళ్ళ అంగడి, మరొకరికి గోపాలపూర్ సముద్రం ఒడ్డున నాలుగు గదుల లాడ్జి. మన బరంపురం ప్రాంతంలో ఇవే కదా బతుకుతెరువులు. ఈ మధ్య ఆ పిల్లల తల్లిదండ్రులు బడికి వచ్చినప్పుడు, మార్కుల సంగతి అయిపోయాక, మెల్లగా మరో మాట ఎత్తుతున్నారు. "మేష్టారూ, అంగడికి వెబ్‌సైటు చేయించాం. డబ్బయితే అయింది గానీ దానివల్ల ఒక్క బేరమూ తగల్లేదు. మన ఊరికి ఇవి పనికిరావంటారా?" అని అడుగుతున్నారు.

పనికిరాకపోవడానికి కారణం ఊరు కాదు. చాలా చోట్ల అసలు సంగతి ఏమిటంటే, వెబ్‌సైటు కంప్యూటరు తెరకోసం తయారైంది, దాన్ని చూసేవారు మాత్రం ఫోనులో చూస్తున్నారు. ఈ తేడా చిన్న వ్యాపారికి ఎంత నష్టం తెస్తుందో, దాన్ని ఎలా సరిచేసుకోవచ్చో ఈవేళ మీకు మనవి చేస్తాను.

ముందుగా, మీ వెబ్‌సైటు చూసే మనిషి ఎవరో ఒక్కసారి ఊహించుకోండి. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళిన కుర్రవాడు ఒకడున్నాడనుకుందాం. చెల్లెలి పెళ్ళికి బరంపురం పట్టుచీర కొనాలి. వాడి గదిలో కంప్యూటరు ఉంటుందా? ఉండదు. పని దిగి వచ్చాక, చాప మీద వాలి, ఫోను తీసి వెతుకుతాడు. హౌరా నుంచి చెన్నై వెళ్ళే రైలులో ఒక సంసారం వస్తోంది. చిలక సరస్సు దాటుతుండగా, గోపాలపూర్‌లో రెండు రోజులు ఆగుదామా అన్న ఆలోచన వచ్చింది. బండి బరంపురం స్టేషను చేరేలోపల గది దొరుకుతుందో లేదో తేలాలి. వాళ్ళ చేతిలో ఉన్నదీ ఫోనే. ఇచ్ఛాపురంలో ఉన్న ఇల్లాలు పచ్చళ్ళ ధర తెలుసుకోవాలన్నా అంతే.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ రోజుల్లో దాన్ని చూడాలంటే కంప్యూటరు ముందు కూర్చోవలసిందే. తరువాత వీధివీధికీ నెట్ సెంటర్లు వచ్చాయి. మన పక్క చాలామంది కుర్రవాళ్ళు పరీక్షల ఫలితాలు చూసుకున్నది అక్కడే. 2007లో వేలితో తాకితే పనిచేసే ఐఫోను వచ్చింది, దాని వెనకే ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో రావడంతో మన దేశంలో డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అదే ఏడాది అక్టోబరులో, ప్రపంచం మొత్తం మీద ఫోన్లు, టాబ్లెట్లలో వెబ్ చూసేవారి వాటా కంప్యూటరులో చూసేవారి వాటాను దాటిందని స్టాట్‌కౌంటర్ అనే సంస్థ లెక్కగట్టింది. మన ప్రాంతంలో అయితే కంప్యూటరు అనే మెట్టు ఎక్కకుండానే నేరుగా ఫోనులోకి వచ్చినవారు ఎక్కువ. వాళ్ళకు ఇంటర్నెట్ అంటే ఫోనే.

ఇక ఒక ముచ్చట చెబుతాను. మా వీధికి దగ్గరలో పట్టుచీరల వర్తకులు ఒకరున్నారు. ఆయన తన కౌంటరు మీది కంప్యూటరులో వెబ్‌సైటు చూపించారు. నిజంగానే బాగుంది. పైన అంగడి పేరు, ఎడమపక్క చీరల రకాలు, మధ్యలో పెద్ద బొమ్మలు, కుడిపక్క ధరల పట్టిక. నేను నా ఫోను తీసి అదే చిరునామా కొట్టి ఆయన చేతికిచ్చాను. పేజీ మొత్తం పోస్టు బిళ్ళంత అయిపోయింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. రెండు వేళ్ళతో సాగదీస్తే చీర కొంగు కనిపిస్తే అంచు కనిపించదు, అంచు కనిపిస్తే ధర తెర బయటికి పోతుంది. చీరల రకాల పట్టిక మౌసు బాణాన్ని దాని మీద నిలిపితే తెరుచుకునేది. వేలికి బాణం ఎక్కడిది? అది తెరుచుకోనే లేదు. ఫోను నంబరు ఒక బొమ్మలో భాగంగా ఉంది. నొక్కితే కాల్ వెళ్ళదు, కాగితం మీద రాసుకోవాలి. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటండీ మేష్టారూ, ఇది మా సైటేనా?" అన్నారు. చేసినవారు లాప్‌టాప్‌లో చూపించి డబ్బు తీసుకున్నారట. ఫోనులో చూడాలని ఆయనకూ తోచలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఇందులో అసలు నష్టం ఎక్కడుందో గమనించండి. అంగడికి వచ్చిన మనిషి చీర నచ్చక లేచిపోతుంటే మీకు కనిపిస్తుంది. "కూర్చోమ్మా, ఇంకో రంగు చూపిస్తాం" అని పిలుస్తారు. మంచినీళ్ళిస్తారు. నచ్చనిది ధరా, అంచా, రంగా అన్నది ముఖం చూసి పసిగడతారు. ఫోనులో వచ్చిన మనిషి పేజీ తెరుచుకోక, అక్షరం కనపడక విసుక్కుని, బొటనవేలితో ఒక్కసారి వెనక్కి నొక్కి పక్క అంగడికి వెళ్ళిపోతాడు. వచ్చినట్టూ మీకు తెలియదు, పోయినట్టూ తెలియదు. ఉత్తరం రాసి చెప్పడు, తగవు పెట్టుకోడు. అందుకే చాలామంది వర్తకులు ఈ ఊళ్ళో ఇంటర్నెట్ బేరమే లేదని తీర్మానించేసుకుంటున్నారు. బేరం వస్తోంది. గుమ్మం ఇరుకై తిరిగిపోతోంది.

మరి ఒకే పేజీ పెద్ద తెర మీదా చిన్న తెర మీదా చక్కగా కనిపించడం ఎలా? మగ్గం ఎరిగిన శ్రోతలకు ఇది సులువుగా తెలుస్తుంది. పడుగు సాగదీసి అచ్చులోకి ఎక్కించినప్పుడే బట్ట పన్నా తేలిపోతుంది. ఆ తరువాత ఎంత నేసినా పన్నా మారదు. పాత వెబ్‌సైట్లు అలాగే తయారయ్యేవి. పేజీ వెడల్పు ఇన్ని చుక్కలు అని, అంటే ఇన్ని పిక్సెళ్ళు అని ముందే బిగించేసేవారు. ఆ రోజుల్లో కంప్యూటరు తెరలన్నీ దాదాపు ఒకే మాదిరిగా ఉండేవి కనుక చెల్లింది. ఫోన్లు వచ్చాక, ఇలాంటి పేజీ ఎదురైతే ఐఫోను దాన్ని 980 పిక్సెళ్ళ వెడల్పున్న పేజీగా భావించి, మొత్తాన్ని కుదించి తన చిన్న తెరలో ఇరికించేది. మన పట్టుచీరల వర్తకుల పేజీకి పట్టిన గతి అదే.

2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనరు ఒక వ్యాసం రాశాడు. పేజీకి పన్నా బిగించవద్దు, తెరను బట్టి అదే సర్దుకునేలా తయారు చేయాలి అన్నది ఆయన మాట. మనుషుల కదలికలను బట్టి గోడలు, గదులు మారే కట్టడాల గురించి వాస్తుశిల్పులు చెప్పుకునే పేరునే తీసుకుని, దీనికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. ఇందులో మంత్రం ఏమీ లేదు. కొలతలు ఇన్ని పిక్సెళ్ళు అని కాక తెరలో సగం, మూడోవంతు అన్నట్టు భాగాలలో ఇస్తారు. బొమ్మ తన గడిని దాటిపోకుండా కట్టడి చేస్తారు. తెర ఇంతకంటే ఇరుకైతే మూడు వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చు అని నియమం రాస్తారు. వీటన్నిటికీ ముందు, పేజీ వెడల్పు ఈ ఫోను వెడల్పే అని చెప్పే ఒక్క వాక్యం పేజీ తలభాగంలో ఉండాలి. దాన్ని వ్యూపోర్ట్ వాక్యం అంటారు. అది లేకపోతే మిగతా పని అంతా చేసినా ఫోను పాత పద్ధతిలోనే కుదించి చూపిస్తుంది. చాలా పాత సైట్లలో లోపించేది ఇదే.

ఫోనుకు వేరుగా, కంప్యూటరుకు వేరుగా రెండు సైట్లు పెడితే పోలేదా అని అడిగేవారున్నారు. ఒకప్పుడు పెద్ద సంస్థలు అలాగే చేశాయి. కానీ దీపావళికి ధర తగ్గిస్తే రెండు చోట్లా మార్చాలి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతే, ఫోనులో ఒక ధర చూసి వచ్చినవారితో అంగట్లో జగడం తప్పదు. మనలాంటి చిన్నవాళ్ళకు అన్ని తెరలకూ సర్దుకునే ఒక్క సైటే మేలు.

సర్దుకోవడం ఒక్కటే చాలదు. కొన్ని చిన్న విషయాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ బేరం వాటి దగ్గరే తెగుతుంది. మనిషి వేలు మౌసు బాణమంత సన్నగా ఉండదు. మీటలు దగ్గరదగ్గరగా ఉంటే ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. తాకవలసిన మీట సుమారు 48 పిక్సెళ్ళ పొడవూ వెడల్పూ ఉండాలని గూగుల్ సూచిస్తుంది. ఫోను నంబరు మీద వేలు పెట్టగానే కాల్ వెళ్ళాలి. చిరునామా మీద వేలు పెడితే దారి చూపే పటం తెరుచుకోవాలి. ధరల పట్టికను కాగితం మాదిరి పీడీఎఫ్‌గా పెట్టేసి చేతులు దులుపుకోవద్దు. దాన్ని ఫోనులో చదవడం అంటే కీలు ఊడిన కిటికీలోంచి ఊరేగింపు చూసినట్టే.

బొమ్మల బరువు సంగతి చీరల వ్యాపారులు ముఖ్యంగా వినాలి. ఈ రోజుల్లో ఫోనుతో తీసిన ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీలు కూడా ఉంటుంది. ఒక పేజీలో ఇరవై చీరల ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు పెడితే 80 ఎంబీలు దాటుతుంది. రోజుకు ఒక జీబీ డేటాతో సరిపెట్టుకునే మనిషి మీ ఒక్క పేజీకి అందులో పన్నెండో వంతు ఎందుకు ఖర్చుపెడతాడు? అందులోనూ రైలులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అదే ఫొటోను ఫోను తెరకు సరిపడేంతకు కుదిస్తే 150, 200 కేబీలకు వస్తుంది, కంటికి తేడా తెలియదు. ముందు చిన్న బొమ్మ చూపించి, కావాలన్నవారికే పెద్దది తెరవాలి. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఫోడా కుంభం అంచు చూసి కదా ఇది మన ఊరి నేత అని పోల్చుకునేది. అందుచేత ఇరవై మసక ఫొటోలకంటే అంచు స్పష్టంగా కనిపించే ఆరు ఫొటోలు నయం. నకలు బట్టల మధ్య మీ సరుకు అసలైనదని చెప్పుకోవడానికి అంగడిలో నోరుంది, వెబ్‌సైటులో ఆ ఫొటోయే నోరు.

డబ్బు చెల్లించే దగ్గర ఇంకో తమాషా జరుగుతోంది. 2016లో యూపీఐ వచ్చినప్పటినుంచి ప్రతి అంగడి గోడ మీదా క్యూఆర్ గడి అంటించి ఉంటోంది. కొందరు అదే గడిని వెబ్‌సైటులో కూడా పెట్టేశారు. కంప్యూటరులో చూసేవాడు తన ఫోనుతో దాన్ని స్కాన్ చేస్తాడు, బాగానే ఉంది. ఫోనులోనే చూస్తున్నవాడు తన తెర మీది గడిని తన ఫోనుతోనే ఎలా స్కాన్ చేస్తాడు? దాన్ని ఫొటోగా దాచుకుని యాప్‌లో తెరిచే ఉపాయం ఉన్నమాట నిజమే, అది కుర్రకారుకు తెలుసు. చీర కొనే అమ్మకు తెలియదు. నొక్కగానే యూపీఐ యాప్ తెరుచుకునే మీట పెట్టించండి. సూరత్‌లో ఉన్న ఆ కుర్రవాడు ధర, రంగు, అంచు అన్నీ ఒప్పుకుని, డబ్బు చెల్లించే గడప దగ్గర ఆగిపోతే ఎంత బాధ!

ఇక భాష సంగతి. ఇది నా పనికి దగ్గరైన విషయం కనుక కొంచెం ఎక్కువ చెబితే మన్నించాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మనం ఇటువైపు ఉండిపోయాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకున్న తరాలు మనవి. ఇళ్ళల్లో తెలుగు చక్కగా మాట్లాడి, తెలుగు అక్షరం చదవలేని పిల్లలను నేను రోజూ చూస్తున్నాను. సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లా కొనుగోలుదారుల్లో చాలామందికి ఒడియా రాదు. కాబట్టి మన అంగళ్ళ వెబ్‌సైటులో ఒడియా, తెలుగు రెండూ ఉండడం షోకు కాదు, బేరానికి అవసరం. ఫోను తెర పైభాగంలో రెండు భాషల పేర్లూ వాటి వాటి లిపిలోనే రాసి రెండు మీటలు పెడితే చాలు.

అయితే తెలుగును పెట్టే తీరులో జాగ్రత్త కావాలి. డీటీపీ దుకాణంలో తెలుగు కొట్టించి, దాన్ని బొమ్మగా మార్చి అతికించేవారు ఇంకా ఉన్నారు. బొమ్మలోని అక్షరం ఫోనులో కుదించుకుపోతుంది, వరుస మార్చుకోలేదు. వెతికేవారికి దొరకదు, చూపులేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో టైపు చేసిన అక్షరం వీటన్నిటికీ పనికివస్తుంది. ఇంకొకటి, ఇంగ్లీషుకు సరిపోయేట్టు పెట్టిన వరుసల మధ్య జాగా మనకు సరిపోదు. మన వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. జాగా చాలకపోతే పైవరుస వత్తు కిందివరుస తలకట్టుకు తగులుతుంది. మీట మీద 'సంప్రదించండి' అని రాస్తే చిన్న తెరలో 'సంప్రదిం' దగ్గర తెగిపోవడం నేను చూశాను. 'ఫోను చేయండి' అంటే అర్థమూ తేలిక, చోటూ తక్కువ.

గూగుల్‌లో వెతికినప్పుడు మీ పేరు పైన రావడానికీ దీనికీ సంబంధం ఉంది. 2015 ఏప్రిల్ 21 నుంచి, ఫోనులో వెతికేవారికి ఫోనుకు అనువైన పేజీలను ముందు చూపించడం గూగుల్ మొదలుపెట్టింది. ఆ తరువాత పేజీలను ఫోను కంటితోనే చదివి పట్టిక రాసుకునే పద్ధతికి మళ్ళి, 2023 అక్టోబరునాటికి ఆ మార్పు పూర్తయిందని ప్రకటించింది. 2024 జూలై తరువాత, ఫోనులో అసలు తెరుచుకోని సైటును పట్టికలో చేర్చడం మానుకుంది. తెరుచుకుని చదవడానికి ఇబ్బందిగా ఉండే సైటు పట్టికలో ఉండవచ్చు గానీ, కంప్యూటరు పేజీలో పెట్టి ఫోను పేజీలో తీసేసిన సమాచారం మాత్రం లెక్కలోకి రాదనుకోవచ్చు. ధర, చిరునామా, తెరిచే వేళలు ఫోనులో తీసేసి అందంగా ఉంచాం అనేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంతా విని, ప్రతి అంగడికీ వెబ్‌సైటు ఉండి తీరాలని నేను అంటున్నాననుకోకండి. నెలకు పది సీసాల పచ్చడి అమ్ముకునే ఇల్లాలికి గూగుల్ పటంలో అంగడి పేరు, వేళలు, నంబరు నమోదు చేసుకుంటే చాలు. అది ఉచితం. తెలిసిన ఖాతాదారులకు వాట్సాప్‌లో ఫొటోలు పంపుకోవచ్చు. పెద్ద ఆన్‌లైన్ బజారుల్లో సరుకు పెట్టడమూ తప్పుకాదు. కాకపోతే అక్కడ కమిషను వాళ్ళు తీసుకుంటారు, మీ చీర పక్కనే ఇంకో నూరు చీరలు చూపిస్తారు, కొన్న మనిషి వాళ్ళ ఖాతాదారు అవుతాడే గాని మీ ఖాతాదారు కాడు. సొంత వెబ్‌సైటు సొంత అరుగు లాంటిది. పెట్టుకోగలిగినవారు పెట్టుకుంటే దళారి మీద ఆధారపడడం కొంత తగ్గుతుంది. నేతపనివారి ఇళ్ళల్లో ఆ కొంత అంటే ఎంతో నేను చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి చేయించుకున్నది ఫోనులో తెరుచుకోకపోతే మాత్రం అరుగు కట్టి మెట్లు కట్టనట్టే.

చేయించేటప్పుడు సిగ్గుపడకుండా అడగండి. మొదటి నమూనా మా ఫోనులోనే చూపించండి, ఖరీదైన ఫోనులో కాదు, మా ఇంట్లో ఉన్న పాత ఫోనులో చూపించండి అనండి. ఒడియా, తెలుగు యూనికోడ్‌లో ఉన్నాయా అని అడగండి. ధర మారితే ఎవరికీ ఫోను చేయకుండా మేమే మార్చుకోగలమా అని అడగండి. వెబ్‌సైటు పేరు మీ పేరున నమోదైందో, చేసినవారి పేరున నమోదైందో కాగితం మీద చూసుకోండి. ఇది మనం ముచ్చటించుకున్న విషయానికి కాస్త పక్కదే గాని, రేపు వాళ్ళు ఊరు మారితే మీ అరుగు కూడా వాళ్ళతో పోతుంది. ఇప్పటికే సైటు ఉన్నవారు మొత్తం తీసేసి కొత్తది కట్టించాలనే తొందర పడవద్దు. వ్యూపోర్ట్ వాక్యం చేర్చడం, బొమ్మలు తేలిక చేయడం, నంబరును నొక్కగలిగేలా మార్చడం తెలిసినవారికి పెద్ద పని కాదు. పేజీ పన్నా మరీ బిగించి ఉంటే అప్పుడు కొత్తదాని మాట ఆలోచించవచ్చు.

ఈ ప్రసంగం అయ్యాక, వీలైతే ఈ రాత్రే, ఒక పని చేసి చూడండి. మీ వెబ్‌సైటును ఎన్నడూ చూడని వాళ్ళను, మీ అత్తగారినో పక్కింటి పెద్దాయననో కూర్చోబెట్టండి. ఇంటి వైఫై ఆపి, మామూలు డేటాతో ఫోను వాళ్ళ చేతికివ్వండి. "మామయ్యా, ఇందులో పెళ్ళిచీర ఒకటి చూసి, ధర ఎంతో కనుక్కుని, ఇక్కడినుంచే నాకు ఫోను చెయ్యండి" అని చెప్పండి. తరువాత మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చోవాలి. ఇక్కడ నొక్కండి, అక్కడ లాగండి అని సాయం చేయకూడదు, సూరత్‌లో ఉన్నవాడికి మీరు సాయం చేయలేరు కదా. ఆయన కళ్ళద్దాలు ఎక్కడ పైకి జరుపుకున్నారో, ఏ మీట రెండుసార్లు నొక్కారో, ఎక్కడ "ఇదేటమ్మా" అన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. సైటు చేసినవారికి పంపవలసిన చీటీ అదే.